వచ్చే ఏటి చెట్ల వంతులు

నర్సు పనికి ఓర్పు ముఖ్యమని ట్రైనింగులో రోజూ చెప్పేవారు. నాకు అదొక్కటి తప్ప మిగతావన్నీ వచ్చాయి. సూది నొప్పి తెలియకుండా వేస్తాను. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఎంతుందో డిగ్రీతో సహా చెప్పగలను. కాని ఎవరైనా చెప్పిన మాట వినకపోతే నా నోరు ఆగదు. మా డాక్టరు దేవసహాయం గారు వార్డు అవతలి నుంచి, "సమ్మక్కా, జర మెల్లగ! నీ కేకలకు దమ్ము రోగికి దగ్గు వస్తుంది" అనేవారు. బాప్తిస్మం మా తాత తీసుకున్నాడు గాని, నాయనమ్మ పేరు మాత్రం నాకు అట్లాగే మిగిలింది. ఆమె నోరు కూడా నాకే వచ్చిందని మా ఇంట్లో అంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా నౌకరీలో నేను చేసిన పెద్ద తప్పు నోరు చేసుకోవడం వల్ల జరగలేదు. అడగాల్సిన మాట అడగకుండా నోరు మూసుకోవడం వల్ల జరిగింది.

అది పంతొమ్మిది వందల అరవై నాలుగు, జనవరి చివర. మాది కరీంనగర్ జిల్లాలో, గోదావరికి ఇవతలి ఒడ్డున చిన్న మిషన్ ఆసుపత్రి. పద్దెనిమిది మంచాలు, ఒక డాక్టరు, ముగ్గురం నర్సులం. ఒకనాడు సాయంత్రం ఎడ్లబండి వచ్చి గేటు ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. పేరు బుచ్చిరాములు, కల్లు గీసే గౌండ్లాయన. ఛాతీ మీద, ముంజేతుల లోపల, చెట్టు రాసుకుని కాయలు కాచిన నల్లటి మచ్చలు. అంత గట్టి మనిషిని భార్య బాలలక్ష్మి ఒక రెక్క, తల్లి శంకరవ్వ ఒక రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చున్నాడు. కళ్లు నేల మీద నుంచి లేవలేదు.

ఏం జరిగిందో వెంట వచ్చిన బావమరిది బాలమల్లు చెప్పాడు. "పొద్దుగాల తాటిచెట్టెక్కిండమ్మా. పగటియాళ్ల దాక దిగలే. పిలిస్తె పలుకడు. గీస్తలేడు, కల్లు లొట్టి ముట్టలే, రెండు చేతులు ఇడిసిపెట్టి ఊకె కూసున్నడు. నాకు గుండె జల్లుమన్నది. ఎక్కి, నా నడుముకు కట్టుకొని దించిన. మూడు నెలల సంది గిట్లనే ఉన్నడు. తినడు, పండుకోడు, మాట్లాడడు."

"చెట్టు మీద ఏమన్నా అన్నడా?" అని డాక్టరు అడిగారు.

బాలమల్లు శంకరవ్వ వైపు బెదురుగా చూశాడు. "ఏదో అనవోయిండు సార్. నేనే నోరు మూసిన. అసొంటి మాట చెట్టు మీద అనద్దు గద."

"యాడ గూడ అనద్దు," అంది శంకరవ్వ. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. నోట్లకెళ్లి వచ్చిందంటె అయితది."

డాక్టరు గారు అతన్ని గంటసేపు చూశారు. తర్వాత అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. "గిది దయ్యం కాదు, పిచ్చి కాదు. మనసుకు వచ్చే రోగం. కొత్త మందు వచ్చింది, హైదరాబాద్ నుంచి తెప్పిస్త. గని ఒక్క మాట. జ్వరం గోలీ తీరుగ పొద్దున మింగితె సాయంత్రానికి తగ్గదు. రెండు మూడు వారాలు పడుతది. అందాక మనిషిని ఒక్కణ్ని ఇడువద్దు."

ఆ మందు పేరు ఇమిప్రమిన్. చిన్న గోలీ, శనగగింజంత. మా ఆసుపత్రిలో అంతకు ముందు ఎవరికీ ఇవ్వలేదు. దక్షిణాదిలో ఒక మానసిక వైద్యశాలలో మూడు నెలలు పని నేర్చుకుని వచ్చానని ఈ రోగిని నాకు అప్పగించారు. నేనూ మహా గర్వంగా ఒప్పుకున్నాను. నా బల్ల పక్కనే మంచం వేయించాను. తాడు, కత్తి, బ్లేడు ఏదీ ఆ దరిదాపుల్లో లేకుండా చూశాను. గోలీ నా చేత్తోనే ఇచ్చి, నీళ్లు తాగించి, "నోరు తెరువు, నాలిక లేపు" అని చూసేదాన్ని. కొందరు గోలీలు మింగకుండా దాస్తారని మాకు నేర్పారు. బుచ్చిరాములు ఒక్కనాడూ మొండికేయలేదు. చెప్పినట్టల్లా చేశాడు.

వారం గడిచింది, ఏమీ మారలేదు. నోరు ఎండిపోతోందన్నాడు. లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. శంకరవ్వకు అదొక సందు దొరికింది. "గీ గోలీలు వేడమ్మా, బిడ్డ లోపల కాలిపోతుండు" అని డాక్టరు కనబడినప్పుడల్లా పట్టుకునేది. బాసరకు తీసుకుపోయి గోదావరిలో ముంచుతానని ఒకసారి మూట కూడా కట్టింది. నేను ఆ మూట విప్పి పారేశాను. ఆమె, నేను పోట్లాడుకుంటుంటే బాలలక్ష్మి మధ్యలో నిలబడి ఏడ్చేది.

ఎనిమిదో రోజు పొద్దున గోలీ మింగి, మొదటిసారి తనంతట తాను నోరు విప్పాడు. "సిస్టరమ్మా, నేను ఉండి ఏం ఫాయిద?"

నాకు నేర్పిన మేట్రనమ్మ ఈ సందర్భం కోసమే ఒక మాట పదేపదే చెప్పింది. అడగండి, సూటిగా అడగండి, చావాలనిపిస్తోందా అని అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి, అది అప్పటికే పుట్టి ఉంటుంది అని. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాను. అయితే ఆ పొద్దున నా నోట్లోంచి వచ్చింది మేట్రనమ్మ కాదు, మా అమ్మ. "ఛీ, గవేం మాటలు! దేవుడిచ్చిన పానం. మంచిగ ఆలోచన చెయ్యాలె" అన్నాను. అతను తల ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. శంకరవ్వ తథాస్తు దేవతల మాటకు నవ్వుకున్నదాన్ని, నేను చేసిందీ అదే. దేవుడి పేరు మాత్రమే వేరు.

మూడో వారంలో మందు పని చేసింది. అట్లాగే అందరం అనుకున్నాం. మంచం మీద నుంచి తనే లేచాడు. గంజి తాగేవాడు అన్నం అడిగాడు. గడ్డం గీయించుకుంటానన్నాడు. నేను పక్కనే నిలబడి మంగలితో పని చేయించాను. పక్క మంచం ముసలాయన చెంబు చిల్లుపడిందని గొణుక్కుంటుంటే తన ఇత్తడి చెంబు తీసి అతనికి ఇచ్చేశాడు. ఊడ్చే ఆయా కిష్టవ్వకు కూడా దండం పెట్టి, "నీకు మస్తు తకలీబు ఇచ్చిన, తప్పు కాయాలె" అన్నాడు. కిష్టవ్వ మురిసిపోయి నాలుగు రోజులు అదే కథ చెప్పుకుంది. శంకరవ్వ నాతో పోట్లాట మానేసింది. సోమవారం ఇంటికి పంపుదామని డాక్టరు గారు అన్నారు. నేను మూడు వారాల ఛార్టు తిరగేసుకుంటూ, నా అంత నర్సు ఈ జిల్లాలో లేదని పొంగిపోతున్నాను.

శనివారం మధ్యాహ్నం బాలమల్లు చూడవచ్చాడు. అందరూ మంచం చుట్టూ కూర్చున్నారు. నేను పక్క మంచం దగ్గర జ్వరం చూస్తున్నాను. గౌండ్లవాళ్లు ఏటేటా చెట్లు వంతులు వేసుకుంటారు. ఎవరి వంతుకు వచ్చిన చెట్లు వాళ్లు గీస్తారు. కాయ కాయని మగ తాటిచెట్టును పోతుతాడు అంటారు, కాయ కాసేదాన్ని పండుతాడు అంటారు. బుచ్చిరాములు ఆ లెక్క మొదలుపెట్టాడు.

"వచ్చే ఏడు వాగు గట్టు మీది నాలుగు పోతుతాళ్లు నువ్వు పట్టుకో బాలమల్లూ. గుట్ట కింది మూడు అంతయ్య కాకకు ఇయ్యిండ్రి, ఆయనకు మోకాళ్ల నొప్పులు, అవి పొట్టియి. మోటబాయి కాడి పండుతాళ్లు ఇప్పటి సందే మీరిద్దరు సగం సగం గీసుకోండ్రి. బాయి దిక్కు వంగినదానికి గెల ఎడమ పక్కకెళ్లి కొయ్యాలె. కుడి పక్క కోస్తె కల్లు పారది, మర్చిపోకు."

గొంతు నెమ్మదిగా, స్పష్టంగా ఉంది. వచ్చే ఏటి సంగతి మాట్లాడుతున్నాడంటే రోగం పోయినట్టే గదా అని నాకు సంతోషమైంది. థర్మామీటరు విదిలిస్తూ ఆటపట్టించాను. "అన్ని చెట్లు పంచవడితివి. నీ వంతుకేవి బుచ్చిరాములూ?"

అతను నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. "నాకెందుకు సిస్టరమ్మా?" అన్నాడు.

చాలా మామూలుగా అన్నాడు. బాలమల్లు, బాలలక్ష్మి కూడా మామూలుగానే విన్నారు. నాకు మాత్రం అన్నీ ఒక్కసారి వరసగా గుర్తొచ్చాయి. చెంబు ఇచ్చేశాడు. అందరినీ తప్పు కాయమన్నాడు. తన ఆడపిల్లలిద్దరినీ ఎండాకాలం అమ్మమ్మ ఇంట్లోనే ఉంచమని నిన్న బాలలక్ష్మికి చెప్పాడు. ఇప్పుడు చెట్లు కూడా పంచేశాడు. మనిషి బాగుపడలేదు, సర్దుకుంటున్నాడు. మేమేమో సోమవారం బండి కట్టమంటున్నాం.

నేను అతని ఎదురుగా వచ్చి కూర్చున్నాను. "బుచ్చిరాములూ, నా దిక్కు సూడు. సచ్చిపోవాలె అనిపిస్తుందా నీకు?"

శంకరవ్వ చేతిలో గిన్నె కింద పడేసి లేచింది. "నీ నోట్ల మన్ను వడ! కోలుకున్న పోరనికి గవేం మాటలే! పైన దేవతలు ఇంటరు!"

"ఇననియ్ అవ్వా!" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. "మూడు నెలల సంది మనం ఇంటలేం. వాళ్లన్న ఇననియ్!"

బుచ్చిరాములు తన అరచేతులు చూసుకున్నాడు.

"అనిపిస్తుంది," అన్నాడు. "దినాం అనిపిస్తుంది. ఇదివరకు లేవబుద్ధి గూడ కాకపోయేది. ఇప్పుడు కాళ్లల్ల సత్తువ వచ్చింది. ఇంటికి పోంగనే చెట్టు ఎక్కుదామనుకున్న."

బాలలక్ష్మి నోట్లో కొంగు కుక్కుకుంది. తర్వాత కోపంతో, ఏడుపుతో, "నాతోటన్న చెప్పకపోతివి!" అంది.

"చెప్పనిచ్చినవా?" అన్నాడు అతను. అందులో కోపం లేదు. "నోరు తెరిస్తె నువ్వు మూసినవ్. అవ్వ మూసింది. వీడు చెట్టు మీద మూసిండు. సిస్టరమ్మ గూడ దేవుని పేరు చెప్పి మూసింది. ఇగ ఎవలకు చెప్పాలె?"

నాకు తల కొట్టేసినట్టయింది. "నిజమే. నేను మూసిన. నాదే తప్పు," అన్నాను. రోగి ముందు తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదలు.

బాలలక్ష్మి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. అతని పాదం రెండు చేతులతో పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు. ఎంతసేపన్న చెప్పు. నేను మాట్లాడ."

ఆ సాయంత్రం దాకా చెప్పాడు. "నీకేం తక్కువైంది అని అందరు అడుగుతరు. ఏం తక్కువగాలే. చెట్లు మంచిగ పారుతున్నయ్, పిల్లలు మంచిగున్నరు. గదే బాధ. ఏం తక్కువగాకున్నా లోపల అంత ఎండిపోయినట్టు ఉంటది. చెట్టు మీద కూసుంటె ఊరంత కండ్ల ముందట ఉంటది. ఒకడు నాగలి దున్నుతుంటడు, ఒకామె బట్టలు ఆరేస్తుంటది. నేను లేకున్నా గిట్లనే నడుస్తది అనిపించింది." బాలలక్ష్మి మాట్లాడనన్న మాట నిలబెట్టుకుంది, కాని పాదం మాత్రం వదల్లేదు. శంకరవ్వ గోడకు చేరగిలబడి కొడుకు నోటి వైపే చూస్తూ విన్నది. ఆమె మీద నాకున్న కోపమంతా అప్పుడే పోయింది. కొడుకు పోతాడన్న భయంతోనే ఆమె ఆ నోరు మూసింది. పాపం, ఇంకో దారి ఆమెకు తెలియదు.

డాక్టరు గారు సోమవారం ప్రయాణం ఆపేశారు. మందు పెంచారు. నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "మందు ముందుగల ఒంటికి ఎక్కుతది సమ్మక్కా, మనసుకు ఎన్క ఎక్కుతది. గీ నడుమ దినాలే ఖతర్నాక్. నాకు గూడ తట్టలే." ఆయనా తప్పు ఒప్పుకున్నాక నాకు కాస్త ఊపిరి ఆడింది.

ఆయనే ఛార్టు మీద, జ్వరం రాసే గడి పక్కన ఇంకో గడి గీశారు. దానికి పేరు పెట్టలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, డ్యూటీలో ఉన్నవాళ్లు అతన్ని అడగాలి. పైకే, పేరు పెట్టి అడగాలి. ఏం చెబితే అది రాయాలి. మొదటి వారమంతా "ఉన్నది", "ఉన్నది" అనే రాశాం. తర్వాత "ఉన్నది గని తక్కువ" అని ఒకసారి వచ్చింది. మధ్యలో ఒకరోజు మళ్లీ ఎక్కువైంది. ఆ రోజు బాలలక్ష్మి అతని చెయ్యి పట్టుకునే అన్నం తిన్నది. మార్చి మొదట్లో ఒక పొద్దున, నేను అడగబోయే ముందే శంకరవ్వ కొడుకు దగ్గరకు వెళ్లింది. రెండుసార్లు దగ్గింది. "బిడ్డా, సావాలె అనిపిస్తుందా ఇయ్యాల?" అని అడిగేసింది. అడిగి కళ్లు గట్టిగా మూసుకుంది.

"లేదవ్వా. ఇయ్యాల లేదు," అన్నాడు.

ఆమె ఏడుస్తుంటే ఈసారి నేనూ ఏడ్చాను. డాక్టరు గారు చూడకుండా స్టోరు గదిలోకి పోయి ముఖం కడుక్కున్నాను.

బాగుపడ్డాడని నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఆ తర్వాత వారానికి. బాలమల్లు చూడవచ్చి, మోటబాయి కాడి వంగిన చెట్టు పారడం లేదన్నాడు. బుచ్చిరాములు దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏ పక్కకెళ్లి కోసినవ్రా? కుడి పక్కనా? నా చెట్టు ఖరాబు జేస్తివి గదరా! నీకు నా చెట్టు ముట్టమని ఎవడు చెప్పిండు?"

"నువ్వే ఇస్తివి గద బావా!"

"ఇస్తె ఇస్తి! ఇప్పుడు ఇస్తలేను. నా చెట్టు నాకు గావాలె!"

వరండా దాకా వినబడేట్టు అరుచుకున్నారు. దమ్ము రోగికి దగ్గు వచ్చింది. ఎప్పుడూ నన్ను కసిరే డాక్టరు గారు ఆ రోజు గది తలుపు దగ్గర నిలబడి నవ్వుకుంటూ విన్నారు.

మార్చి నెలాఖరులో ఇంటికి పంపాం. గోలీలతో కళ్లు తిరుగుతాయి గనుక ఆరు నెలలు చెట్టు ఎక్కొద్దన్నాం. అందాకా కింద, కల్లు అమ్మే మండువ దగ్గర కల్లు పోయాలి. గోలీల సీసా శంకరవ్వ నడుము సంచిలో ఉంటుంది, పూటకొకటి ఆమె చేత్తోనే ఇవ్వాలి. మనిషి వెంట మనిషి ఉండాలి. రోజూ అడగాలి. మళ్లీ ఏమన్నా అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా రావాలి. ఇవన్నీ నేను నాలుగుసార్లు చెప్పి, ఒక్కొక్కరితో అప్పజెప్పించుకున్నాను. శంకరవ్వ విసుక్కుంది. "మాకు సమజైంది తల్లీ, నువ్వు ఊపిరి పీల్చుకో," అంది.

ఏప్రిల్‌లో ఒకసారి వచ్చి గోలీలు తీసుకుపోయారు. మేలో రాలేదు. నాకు పొద్దున లేవగానే అదే ఫికర్. కల్లు తాగేవాళ్లు ఎవరు ఆసుపత్రికి వచ్చినా ఆ ఊరి సంగతి అడిగేదాన్ని.

రోహిణి కార్తె. మిట్టమధ్యాహ్నం. బయటి రోగుల వరసలో ముప్ఫై మంది ఉన్నారు. నేను చీటీలు రాస్తూ తలెత్తాను. వరస చివర, తల మీద తడి తువ్వాలుతో, దుమ్ము కాళ్లతో బుచ్చిరాములు నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. నా చేతిలో కలం ఆగిపోయింది. ఆరు మైళ్ల దారి అది. దారి పొడుగునా తాటిచెట్లే.

వరస దాటించి లోపలికి పిలిచాను. భయం నాకు ఎప్పుడూ కోపంగానే బయటికి వస్తుంది. "ఒక్కనివే ఎందుకొచ్చినవ్? మీ వాళ్లేరి? గోలీలు మింగుతున్నవా లేదా?" అని గదమాయించాను.

"పది దినాల సంది బంద్. ఎండలల్ల వేడి చేస్తదని అవ్వ ఆపింది. మంచిగైనవు గద, ఇగ ఎందుకు అన్నది." ఆగి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సిస్టరమ్మా, నిన్నటి సంది మళ్ల అట్లనే అనిపిస్తుంది. సచ్చిపోవాలె అని. చెప్పుదామని వచ్చిన."

ఈ మాట అంటూ నేల చూడలేదు. నా ముఖంలోకి చూశాడు.

అప్పుడే బాలమల్లు రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. "ఎన్క మనిషి ఉండాలె అంటివి గదమ్మా, ఎన్కనే ఉన్న. గని గీయన ఉరికిండు. తొవ్వంత ఉరికిండు. అందలే," అన్నాడు.

జబ్బు తిరగబెట్టి వచ్చిన రోగిని చూసి నర్సు సంతోషపడకూడదు. నేను మాత్రం గట్టిగా నవ్వాలో ఏడవాలో తెలియనంత సంతోషపడ్డాను. శంకరవ్వకు చెప్పాల్సిన నాలుగు మాటలు తర్వాత చెప్పొచ్చు. కుండలోంచి చల్లటి నీళ్లు ముంచి ముందు అతనికి ఇచ్చాను, తర్వాత బాలమల్లుకు. ఛార్టు తీసి, పేరు లేని ఆ గడిలో "ఉన్నది" అని రాశాను. దాని పక్కన, నియమం ఏమీ లేకపోయినా, "తనే వచ్చి చెప్పిండు" అని కూడా రాశాను.